కూత్తును కుదించొద్దు, మన కూటమిని మార్చుకుందాం



పోయిన ఆదివారం మీటింగులో ఒక మాట వచ్చింది. ఈసారి భారత కూత్తును తెల్లవార్లూ పెట్టొద్దట. సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదికి ముగించాలట. ఎందుకయ్యా అంటే, టాస్మాక్ దుకాణం రాత్రి 10కి మూసేస్తారు, కూత్తయ్యాక స్నేహితులంతా కాసేపు కూర్చుని మాట్లాడుకోవాలి కదా అన్నారు. చాలామంది నవ్వారు, కొందరు చేతులెత్తారు. మేము ఎత్తలేదు. ఎందుకో చెప్తాం.

మేము శుద్ధులమని కాదు. మా ఐదుగురు స్నేహితుల సంగతి మీకందరికీ తెలుసు. పోయిన సంవత్సరం అర్జునుడి తపస్సు రాత్రి ముందు బారుకే పోయాం. అక్కడ రెండు వేలు అయింది. కూత్తు పళ్ళెంలో యాభై వేశాం. చాప మీద కూర్చోగానే కునుకు పట్టింది. లేచేసరికి తెల్లారింది, తపస్సు స్తంభం ఎక్కిన అర్జునుడు దిగిపోయి, మొహాన రంగు కడుక్కుంటున్నాడు. అది చూడడానికే కదా పోయింది? ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాం.

కూత్తు రెండున్నర గంటల్లో అయ్యేది కాదు. కట్టియక్కారన్ వచ్చి నవ్వించాలి, తెర పట్టాలి, ఒక్కో వేషం తెర వెనక నుంచి పాడుకుంటూ బయటికి రావాలి. దుర్యోధనుడి రాకకే ఎంతసేపు పడుతుందో చూసినవాళ్ళకు తెలుసు. దాన్ని కత్తిరిస్తే మిగిలేది కిరీటాలు, భుజకీర్తులే. బండి టైముకు ప్యాసింజరు రావాలి గానీ, ప్యాసింజరు తాగి ముగించే టైముకు బండిని మార్చరు.

మనలో చాలామంది తమిళ బళ్ళో చదివినవాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. భారతం మాత్రం మనకు పుస్తకంలో రాలేదు, ద్రౌపదమ్మ గుడి ముందు చాప మీద వచ్చింది. అటు చిత్తూరు జిల్లాలో ఇదే ద్రౌపదమ్మకు 18 రోజులు, పగలు హరికథ, రాత్రి వీధినాటకం, తెలుగులో జరుగుతుంది. రెండు వైపులా ఒకే కథ. మనల్ని ఆ బంధువులతో కలిపే తాడు ఇదొక్కటే. మనమే దాన్ని కోసుకుంటామా?

తాగేవాళ్ళను వెలివేయమని మేము అనడం లేదు. రాజాజీ 1937 అక్టోబరు 1న మద్యనిషేధం మొదలుపెట్టింది సేలం జిల్లాలోనే. మన ధర్మపురి అప్పుడు అందులోనే ఉండేది. ఇప్పుడు, 2003 నుంచి, సర్కారే దుకాణం పెట్టి అమ్ముతోంది. చట్టం రెండు వైపులా తిరిగింది, తాగేవాడు తాగుతూనే ఉన్నాడు. మన తగడూరు అదియమాన్ కూడా కల్లు తాగినవాడే. అవ్వైయార్‌తో పంచుకునేవాడని ఆమె పాటలోనే ఉంది. కానీ ఆయన సభలో పాటకూ చోటుంది. కల్లుకోసం పాటను మధ్యలో ఆపమన్నాడని ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి. తొమ్మిదికి ముగిస్తే, "అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి" అన్న ఆ అందరిలో మన అక్కచెల్లెళ్ళు ఉన్నారా? బారులో వాళ్ళకు చోటెక్కడ? వాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని ఇంటికి పోవాలి, మనం మాత్రం సంస్కృతిని కాపాడిన సంతోషంలో గ్లాసులు పట్టుకోవాలి. కూత్తు చాప మీద అయితే అవ్వ నుంచి మనవడి దాకా తెల్లవార్లూ ఒకే చోట ఉంటారు. సంఘం అంటే ఏది?

పిల్లలు అంతసేపు కూర్చోరని ఒక అన్న అన్నాడు. అన్నా, పిల్లలు లేచిపోయేది కూత్తు పొడుగని కాదు. పక్కన కూర్చుని ఇది భీముడు, ఇది శకుని అని చెప్పాల్సిన మనం లేకపోతే లేచిపోతారు.

అందుకే మా మాట ఇది. కూత్తు ఎప్పటిలా రాత్రి 10కి మొదలవ్వాలి, తెల్లవారాకే ముగియాలి. దుకాణం మూసే గంటా అదే, కాబట్టి ఎవరినీ ఎవరూ ఆపనక్కర లేదు. మేము ఐదుగురం మాత్రం ఆ ఒక్క రాత్రి అటు పోము. ఆ రెండు వేలు పళ్ళెంలో వేస్తాం. తెల్లారి కళాకారులకు ఇడ్లీ, కాఫీ ఖర్చు కూడా మాదే. స్నేహితులతో తాగడానికి ఇంకా 364 రోజులున్నాయి.

వచ్చే మీటింగులో చేతులెత్తే ముందు ఇది ఒకసారి ఆలోచించండి.