వాల్వు ప్రీయాంపూ, తాతల నాటి ప్లేట్లూ

"లక్ష పైన పెట్టి వాల్వు ఫోనో ప్రీయాంప్ కొనొచ్చా?" అని ఈ మధ్య ముగ్గురు నలుగురు అడిగారు. అందరూ నాలాగే సాఫ్ట్‌వేర్ వాళ్ళే. జీతాలు బానే ఉన్నాయి, ఊళ్ళో అటక మీద పాత రికార్డులున్నాయి, నెట్లో ఆ గాజు బుడ్ల నారింజ వెలుగు ఊరిస్తోంది. నా మాట ముందే చెప్పేస్తా: మీవి పాత తెలుగు రికార్డులైతే ఆ డబ్బు అక్కడ పెట్టకండి.

అసలు ఆ పెట్టె చేసేది రెండే పనులు. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిజ్ నుంచి వచ్చేది మూడు నుంచి అయిదు మిల్లీవోల్టులు. దాన్ని సుమారు వందరెట్లు పెంచాలి, ఇది మొదటిది. రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచి కోస్తారు. లేకపోతే బేస్‌కి ఒక గాడి పక్క గాడిలోకి దూసుకెళ్తుంది, సన్నని శబ్దాలు గరగరలో మునిగిపోతాయి. వినేటప్పుడు దాన్ని తిరగెయ్యాలి, ఇది రెండోది. 1954లో వచ్చిన ఆర్ఐఏఏ కర్వ్ దీనికి ప్రమాణం. దాని ప్రకారం 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ పెంచాలి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే తగ్గించాలి. మంచి ఆప్-యాంప్ చిప్పు పెట్టి చేసిన చవక పెట్టె కూడా ఈ రెండూ శుభ్రంగా చేస్తుంది.

వాల్వులో ఏమీ లేదని అనను. రెండు మూడొందల వోల్టుల మీద నడుస్తుంది కాబట్టి రికార్డు మీద గీత తగిలి 'టప్' మన్నప్పుడు తట్టుకునే జాగా ఎక్కువ. అది కలిపే వక్రీకరణ కూడా చెవికి ఇంపుగానే ఉంటుంది. కానీ మన ప్లేట్ల రోగం వేరు, ఈ మందు వేరు.

మా బాన్సువాడ వైపు పెళ్ళి పందిట్లో, గుడి దగ్గర మైకు సెట్లో తిరిగిన రికార్డుల సంగతి చూడండి. 78లకి ఉక్కు ముల్లు. తర్వాత ఎల్పీలకి హెచ్ఎంవీ ఫియస్టా లాంటి సూట్‌కేసు ప్లేయర్లు. వాటిలో ఉండేది సెరామిక్ కార్ట్రిజ్. అది వందల మిల్లీవోల్టులు ఇస్తుంది, దానికి ఫోనో ప్రీయాంపే అక్కర్లేదు. కాకపోతే గాడి మీద బరువుగా కూర్చుంటుంది, ఏళ్ళ తరబడి గోడలు అరగదీస్తుంది. అరిగిన గాడిని ఎంత ఖరీదైన పెట్టెకిచ్చినా, అరుగుదలనే ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది.

హైదరాబాదులో ఒక షాపుకెళ్తే వాల్వు పెట్టె మీద కొత్త జాజ్ ఎల్పీ వినిపించారు. అద్భుతంగా ఉంది. నేను తీసుకెళ్ళిన ఘంటసాల భగవద్గీత పెట్టమంటే "సార్, అది డెమోకి పనికిరాదు" అన్నాడు. ఇంటికెళ్ళి నేను వినాల్సింది అదే కదా నాయనా!

ఇక 78ల లెక్క మరీ తమాషా. 1954కి ముందు ఆర్ఐఏఏ లేదు, ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. 1940ల హెచ్ఎంవీ ప్లేట్లలో సాధారణంగా 250 హెర్ట్జ్ కింద బేస్ తగ్గించేవాళ్ళు, ట్రెబుల్ పెంచడం అంటూ ఉండేది కాదు. ఆర్ఐఏఏ ఒక్కటే ఉన్న పెట్టెలో దాన్ని పెడితే స్వరం గొంతుకి దుప్పటి కప్పినట్టు వస్తుంది. మన దేశంలో 78లు ఆలస్యంగా పోయాయి కూడా, 1960లలో బీటిల్స్ పాటలు ఇక్కడ 78ల మీద వచ్చాయి. కాబట్టి ఏ ప్లేటుకి ఏ కర్వో చాలాసార్లు చెవితోనే తేల్చుకోవాలి. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లో ఆ కర్వ్ మనమే గీసుకోవచ్చు. లక్ష రూపాయల పెట్టె చెయ్యలేనిది ఉచితంగా అయిపోతుంది.

మరి డబ్బెక్కడ పెట్టాలి? నా వరస ఇది:

1. ముల్లు. ఎల్పీకి సుమారు 18 మైక్రాన్లు, 78కి సుమారు 75 మైక్రాన్లు. ఒకదానికి ఇంకొకటి వాడకూడదు. ఎల్పీకైతే సన్నకోత ముల్లు పాత ముల్లు అరగదీయని చోట కూర్చునే అవకాశం ఉంది. వాల్వు ఇవ్వలేని లాభం ఇదే.

2. కడగడం. కాలవ కింద కోతలప్పుడు, రైస్ మిల్లుల చుట్టూ ఎంత దుమ్మో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. డిస్టిల్డ్ వాటర్, మెత్తటి బ్రష్ చాలు. 78లు లక్కతో చేసినవి, స్పిరిట్ తగిలితే కరుగుతాయి, జాగ్రత్త.

3. ఒక మామూలు ప్రీయాంప్, కంప్యూటర్లోకి ఎక్కించుకునే యూఎస్‌బీ పెట్టె.

మిగిలిన డబ్బుతో పక్కింటి వాళ్ళ ప్లేట్లు కూడా ఎక్కించండి. సినిమా పాటలు ఎలాగూ దొరుకుతాయి. నాటకం పద్యాలు, హరికథలు, బుర్రకథలు అన్నీ దొరకవు. వి.ఎ.కె. రంగారావు గారిలాంటి వాళ్ళు వేల ప్లేట్లు సేకరించబట్టి కొంత మిగిలింది, కానీ ప్రతి ఊరికీ ఒక రంగారావు గారు ఉండరు. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్ మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్ళు. పాట రాసినవాళ్ళ, బాణీ కట్టినవాళ్ళ హక్కులు వేరే లెక్క, నలుగురికీ పంచే ముందు అవి చూసుకోండి. ఇంట్లో దాచుకోడానికి మాత్రం ఆలస్యం చెయ్యకండి.

కొత్త ఎల్పీలు కొని వినేవాళ్ళు వాల్వు కొనుక్కుంటే నాకేం అభ్యంతరం లేదు, వోల్టేజి ఎగుడుదిగుళ్ళకి ఒక స్టెబిలైజర్ కూడా కలుపుకోండి. కానీ వాల్వు ప్రీయాంప్ వచ్చే ఏడాది కూడా దొరుకుతుంది. ఏప్రిల్ ఎండకి రేకుల కప్పు కింద వంగిపోయిన ఎల్పీ, చెయ్యి జారి పగిలిన లక్క ప్లేటు మళ్ళీ దొరకవు. ముందు వాటిని అటక దించండి, నిలువుగా పెట్టండి. పెట్టె సంగతి తర్వాత ఆలోచిద్దాం.