పిడికిలి బలం కొలవండి

డయాలసిస్ మీదున్న మనిషి మంచం మీంచి లేవలేకపోతే "నీరసం మామూలే" అంటారు. అన్నం సయించడం లేదంటే "ఈ జబ్బంతే" అంటారు. నాలుగు గంటలు రక్తం వడకట్టించుకుని వచ్చి గోడవైపు తిరిగి పడుకుంటే "అలవాటవుతుందిలే" అంటారు. నేను ఒప్పుకోను. కండ కరిగిపోవడం, మనసు చితికిపోవడం రెండూ వైద్యం అందాల్సిన బాధలే. వాటిని గాలికొదిలేశాం.

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు గుర్తొస్తాయి. ఈ మండలాలున్న ఉద్దానం ప్రాంతం ఏళ్ల తరబడి ఏడ్చి సాధించుకున్నవే 2019లో పదివేలకు పెరిగిన పింఛను, 2023 డిసెంబరులో పలాసలో తెరిచిన 200 పడకల ఆస్పత్రి, హిరమండలం నుంచి తెచ్చిన మంచినీళ్లు. వాటిని తక్కువ చేయను. కానీ లెక్కలన్నీ మిషన్లవి, పడకలవి, రూపాయలవి. మిషన్ దిగిన మనిషి బస్సు మెట్టు ఎక్కగలిగాడా అని రాసుకునే గడి ఏ కాగితంలో ఉంది?

ఇదే జిల్లాలోని మా పొందూరులో చేతి సత్తువే కూడు. వాలుగ చేప దవడతో పత్తి ఏరి, రాట్నం మీద సన్నని నూలు తీసే ఆడవాళ్ల ఊరిది. అలాంటి చేతికి డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసి "బరువులెత్తకు" అని పంపిస్తే, ఇంట్లోవాళ్లు ఏ పనీ ముట్టుకోనివ్వరు. ప్రేమతోనే! కూర్చోబెట్టిన కొద్దీ కాళ్లూ చేతులూ సన్నబడతాయి, తాను ఎందుకూ పనికిరాననే దిగులు ముదురుతుంది. ఆ దిగులుతో ముద్ద దిగదు, ముద్ద దిగక మరింత చిక్కిపోతారు.

తిండి విషయంలో జరిగేది మరీ ఘోరం. డయాలసిస్‌కు ముందు పప్పు, గుడ్డు తగ్గించమంటారు. మొదలయ్యాక మిషన్ రక్తంలోని అమైనో ఆమ్లాలను కూడా లాగేస్తుంది కనుక కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే యాభై కిలోల మనిషికి 50–60 గ్రాములు. ఈ మార్పు చెప్పే నాథుడు లేక, పాత పథ్యమే పట్టుకుని ఎండిపోతున్నవాళ్లు ఎందరో!

ఈ బలహీనతను పసిగట్టే పద్ధతి 2001 నుంచే ఉంది: బరువు తగ్గడం, అలసట, పిడికిలి పట్టు సడలడం, నడక మందగించడం, కదలిక తగ్గడం. ఈ అయిదింటిలో మూడుంటే ప్రమాదమే. పట్టు కొలిచే చిన్న పరికరం, ఒక స్టాప్‌వాచ్, నాలుగు ప్రశ్నలు చాలు. దానికీ నిధుల్లేవంటారా?

మనసు సంగతీ అంతే. డయాలసిస్ కుర్చీలోనే కౌన్సెలింగ్ ఇచ్చి చూసిన అమెరికా పరిశోధన 2019లోనే వెలువడింది. మన దగ్గర ఆ నాలుగు గంటలూ పైకప్పు చూస్తూ గడిచిపోతాయి. ఆ సమయంలో పక్కన కూర్చుని మాట్లాడే కౌన్సెలర్ కావాలి, కాళ్లు ఆడించే వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు కావాలి. కనీసం మానసిక సాయానికి ఫోన్ చేసే టెలీ మానస్ నంబరు 14416 అయినా కుర్చీలో పడుకున్నవాళ్లకు కనబడేలా గోడమీద రాయండి.

బతకాలని ఉందా అని వాళ్లను అడగడానికి ఎందుకు భయం? జవాబు వినాల్సి వస్తుందనా? వినండి. శ్రీకాకుళంలో, పలాసలో, డయాలసిస్ జరిగే ప్రతి చోటా నెలకోసారి పిడికిలి బలం, నడక వేగం, మనసు పరిస్థితి చూసి కేసు షీట్లో బరువు, బీపీల పక్కనే రాయండి. పడిపోతున్న అంకె కనిపించిన నెలలోనే వైద్యం మొదలుపెట్టండి.