హద్దు మీద సైకిల్: వాళ్లకి సాహసం, మనకి సోదా

చలి మొదలైందంటే చాలు, మన పాడేరు, అరకు ఘాట్ల మీద హెల్మెట్లు పెట్టుకున్న సైకిళ్ల వరసలు కనిపిస్తాయి. విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి వస్తారు. లంబసింగి మంచులో వీడియో తీసి, కింద ‘ఎవరూ చూడని కొండలు’ అని రాస్తారు. మరి మనమెవరం మిత్రులారా?

వాళ్ల మీద నాకు కోపం లేదు. ఎత్తు ఎక్కలేక ఆయాసపడే మనిషికి మంచినీళ్లిచ్చేది మనమే. నా గొడవ వేరే.

పోయినేడాది మేం నలుగురం పాడేరు నుంచి ముంచింగిపుట్టు, డుడుమ మీదుగా ఒడిశాలోని ఒనకఢిల్లీ సంతకి సైకిళ్ల మీద బయల్దేరాం. గేర్ల సైకిల్ ఒక్కటే ఉంది. నాదైతే బడికొస్తా పథకంలో మా చెల్లికిచ్చిన సైకిల్. ఎత్తు వచ్చిన చోటల్లా దిగి నెట్టుకోవడమే. దారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర ఆపారు. బ్యాగులు విప్పించారు, దుప్పట్లు దులిపించారు, సీటు ఊడదీసి గొట్టంలోకి టార్చి కొట్టి చూశారు. ‘గంజాయి ఎక్కడ్రా?’ అన్నదే మొదటి ప్రశ్న. డిగ్రీ చదివాం సార్ అంటే నవ్వారు. మేం అలా నిలబడి ఉండగానే ఇద్దరు సిటీ సైక్లిస్టులొచ్చారు. మా వాటికంటే పెద్ద బ్యాగులు. వాళ్లనేమీ అడగలేదు. ఒకాయన వాళ్లతో సెల్ఫీ కూడా దిగాడు.

మన కొండల్లో గంజాయి లేదని నేననను. పెట్టుబడి ఎవరిదో, జైల్లో మగ్గేదెవరో మీకు తెలుసు. కానీ దానికోసం మన దారిలో మనమే దొంగల్లా నడవాలా?

అసలు ఈ హద్దు వయసెంత? 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా కొరాపుట్ కొండలు కూడా విశాఖ జిల్లాలోనివే. గీత గీసినప్పుడు మన తాతల్ని అడిగినోళ్లు లేరు. ఒనకఢిల్లీలో గురువారం సంత. బొండా అక్కలు దిగొస్తారు, గదబలు, పరజలు వస్తారు, మనవైపు నుంచీ వెళ్తారు. అక్కడ మేం తెలుగులో బేరమాడలేదు, ఆదివాసీ ఒడియాలో ఆడాం. రెండు వైపులా ఒకటే మాట, చుట్టరికాలూ ఉన్నాయి. కానీ ఎస్టీ హోదా మాత్రం రాష్ట్రం దాటితే మనతో రాదు. మర్రి చంద్రశేఖర్ రావు కేసులో 1990లో సుప్రీంకోర్టు చెప్పింది అదే. అటు పుట్టి ఇటు కాపురానికొచ్చిన ఆడపిల్ల సర్టిఫికెట్ కోసం ఎన్ని ఆఫీసులు తిరుగుతుందో మీ ఇంట్లోనే అడగండి.

ఇవన్నీ బస్సులో వెళ్తే కూడా తెలుస్తాయి కదా అంటారేమో. తెలీవు. బస్సు తారురోడ్డు ఉన్నచోటికే వెళ్తాది. సైకిల్ అయితే రోడ్డు ఎక్కడ ఆగిపోయిందో, డోలీ ఎక్కడ మొదలవుతుందో అక్కడికి తీసుకెళ్తుంది. మాచ్‌ఖండ్ రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు, 1955 నుంచి కరెంటు ఇస్తోంది. దానికోసం జోలాపుట్టు జలాశయం కింద మునిగినవి మన ఊళ్లు. ఆ గట్టు దగ్గర సైకిల్ ఆపి కూర్చుంటే ఏ ముసలాయనైనా వచ్చి ఏ ఊరు ఎటువైపు ఉండేదో వేలు పెట్టి చూపిస్తాడు. కారు అద్దం దించి అడిగితే చెప్పడు.

బలిమెల వైపు ఇంకా వెళ్లాలి. జలాశయం నీళ్లు చుట్టేసి 151 ఊళ్లని దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. లాంచీ ఎక్కితేనే ఆసుపత్రి. 910 మీటర్ల గురుప్రియ వంతెన 2018లో గానీ రాలేదు. వంతెన మీద నుంచి నీళ్ల ఫొటో అందరూ తీస్తారు. దాటాక లోపలి ఊళ్లకి దారి ఎలా ఉందో మనం రాయాలి.

అందుకే ఈసారి నలుగురం కాదు, నలభై మందిమి వెళ్దాం. చెల్లెళ్లు కూడా రావాలి. ఎక్కడ ఆపారు, ఏమడిగారు, ఎంతసేపు నిలబెట్టారు, ఏ ఊరికి ఎన్ని కిలోమీటర్లు డోలీ మోస్తున్నారు, అన్నీ నోటుబుక్కులో రాసుకుందాం. తర్వాత ఐటీడీఏ ముందు పెడదాం.

సంత గురువారం కాబట్టి బుధవారం తెల్లవారకముందే పాడేరులో కలుద్దాం. గేర్ల సైకిల్ లేదని ఆగిపోకండి. పంపు, పంక్చర్ సామాను, దుప్పటి, ఆధార్ తెచ్చుకోండి. బ్రేకులు మాత్రం ముందే బిగించుకోండి, డుడుమ దిగుడు మామూలు దిగుడు కాదు.