పాత ఫోనుకు పూచీ ఎవరిది?

భిలాయి ఉక్కు కర్మాగారము నీడలో పెరిగి, నేడు సొంత నగరపాలక సంస్థ గల పట్టణమైన రిసాలిలో, 1959లో తొలి బ్లాస్టు ఫర్నేసు వెలిగిన కాలమునుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు ఉత్తరాంధ్రమునుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు గలవు. అట్టి యింటిలో ఠేకాదారు క్రింద పనిచేయు యువకుడో, కళాశాలకు పోవు బాలికయో, క్రొత్త ఫోనునకు ధనము చాలక, సుపేలాలోనో పవర్ హౌస్ బజారులోనో ఒకరు వాడి విడిచినదానిని కొనుట సామాన్యమే. కష్టమంతయు అది చెడిన పిమ్మట ఆరంభమగును. చూచుకొనియే తీసికొంటివి గదా యని అమ్మినవాడనును. బిల్లు నీ పేర లేదనియో, లోపల నీరు తగిలినదనియో, బయట విప్పించితివనియో కంపెనీ సర్వీసు సెంటరువారు త్రిప్పి పంపుదురు. ఈ యిరువురి నడుమ దిక్కులేనివాడుగా కనబడు ఆ కొనుగోలుదారునకు శాసనమున దిక్కు గలదనియే నా వాదము.

వాడిన వస్తువు కొన్నవాడు మంచిచెడులను తానే భరింపవలెనను నమ్మకము మన బజారులలో పాతుకొనిపోయినది. 1930 నాటి వస్తువిక్రయ చట్టము అట్లు చెప్పదు. ఆ తరహా సరకుతో వ్యాపారము చేయువాడు వర్ణించి యమ్మినది తగిన నాణ్యత గలదై యుండవలెనని దాని 16వ సెక్షను విధించుచున్నది. కొనువాడు పరీక్షించి కొన్నచో, ఆ పరీక్షలో బయటపడదగిన లోపములకు మాత్రమే మినహాయింపు. తెరమీది పగులు కంటికి కనబడును. కాని గంటసేపు వేడెక్కిన పిదప ఆరిపోవు బోర్డును దుకాణపు బల్లయొద్ద నిలిచి ఎవడు కనిపెట్టగలడు?

2020 జులై 20న అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, మూల్యమిచ్చి కొన్నవానిని వినియోగదారుడనినదే గాని, కొన్నది క్రొత్తదా పాతదా యని అడుగలేదు. మరల అమ్ముటకును, వాణిజ్యమునకును కొన్నవారిని మాత్రమే వెలుపల నుంచినది. బిల్లు ఇయ్యకుండుటయే ఆ చట్టము దృష్టిలో అనుచిత వ్యాపారపద్ధతి. లోపముగల సరకును బిల్లులో వ్రాసిన గడువులోపల, గడువు వ్రాయనిచో ముప్పది దినములలోపల, వెనుకకు తీసికొని ధనము తిరిగి యియ్య నిరాకరించుటయు అట్టిదే. "చెకింగు గ్యారంటీ" యని నోటిమాటగా రెండు మూడు దినములు చెప్పి చేతులు దులుపుకొను అంగడివారు ఈ ముప్పది దినముల మాట వినవలసియున్నది. పొరుగింటివానియొద్ద కొన్న ఫోను కథ వేరు. వర్తకుడు కానివానిపై ఈ మార్గము నడువదు.

తయారీదారు ఇచ్చు వారంటీ విషయమే నిజముగా చిక్కైనది. సాధారణముగా ఒక యేడు గల ఆ గడువు తొలి విక్రయపు తేదీనుండియే నడచును, యంత్రపు ఐఎంఈఐ సంఖ్యతో ముడిపడియుండును. యంత్రము చేతులు మారినంతమాత్రమున దానిలోని తయారీలోపము మారదు గనుక, మిగిలిన గడువు రెండవవానికి సంక్రమించుట న్యాయము. కాని దీనిని మన చట్టము స్పష్టముగా శాసింపక, కంపెనీ నిబంధనలకు విడిచినది. ఉత్పత్తిబాధ్యతను గూర్చి 2019 చట్టమున చేర్చిన క్రొత్త అధ్యాయము సైతము ఇచ్చట అక్కరకు రాదు. ఆ వస్తువునకే కలిగిన హానిని అది లెక్కలోనికి తీసికొనదు. ఐరోపా సమాజము 1999లోనే, అమ్మినవాని పూచీ రెండేండ్లనియు, వాడిన వస్తువులకు ఒప్పందముచే దానిని తగ్గించుకొన్నను ఒక యేటికి తగ్గరాదనియు నిర్దేశించినది. మన ప్రభుత్వము 2022లో మరమ్మతు హక్కుపై సంఘము నియమించి, ఆ డిసెంబరులో పోర్టలును తెరచినది, మంచిదే. వాడిన ఫోనుల వర్తకునకును ఒక కనీసపు గడువు విధించినగాని ఆ హక్కు రిసాలి యువకునివరకు రాదు.

అంతవరకు ఉన్న సాధనములనే వాడుకొనవలెను. కొనుటకు ముందే ఐఎంఈఐ సంఖ్యను కేవైఎం అను అక్షరముల వెనుక చేర్చి 14422కు సందేశము పంపినచో, ఆ ఫోను దొంగసొత్తుగా నిలుపబడినదేమో తెలియును. బిల్లుపై ఆ సంఖ్యయు, మార్చిన భాగములును, మిగిలిన వారంటీ తేదియు వ్రాయించుకొనవలెను. తొలి యజమాని బిల్లు ప్రతియు అడిగి తీసికొనవలెను. వివాదము వచ్చినచో మొదట వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చును. అది ఫలింపనిచో దుర్గ్‌లోని జిల్లా వినియోగదారుల కమిషను గలదు: దుకాణము ఎచ్చటనున్నను కొన్నవాడు తన నివాసస్థలమున ఫిర్యాదు చేయవచ్చును, ఐదు లక్షల రూపాయలవరకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాడు, కారణము పుట్టిననాటినుండి రెండేండ్ల గడువు గలదు. లోపము పరీక్షవలనగాని తేలనిచో కమిషను దానిని ప్రయోగశాలకు పంపగలదు. కావున సర్వీసు సెంటరువారు నిరాకరించునపుడు ఆ నిరాకరణమును, దానికి కారణమును జాబ్ షీటుపై వ్రాసి యిమ్మని పట్టుపట్టి అడుగవలెను. నీరు తగిలినదని వారన్నచో, ఎచ్చట తగిలినదో ఫోను విప్పి చూపుమని అచ్చటనే కోరవలెను.