బాగానే కనిపిస్తున్నవారికే ఈ ఫోటో

"నాకు కళ్లు బాగానే కనిపిస్తున్నాయి సిస్టరమ్మా, ఈ వయసులో కంటికి ఫోటోలెందుకు?" షుగరు ఓపీలో మేము తరచుగా వినే మాట ఇది. సూదిలో దారం ఎక్కించగలుగుతున్నాం, బైబిలు చదవగలుగుతున్నాం, బస్సు బోర్డు కనిపిస్తోంది, ఇంక కంటికి వచ్చిన లోటేమిటని వారి ప్రశ్న. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

కన్ను బాగా కనిపించడం వేరు, కన్ను ఆరోగ్యంగా ఉండడం వేరు. షుగరు వ్యాధి ఉన్నవారు ఈ తేడా తెలుసుకోవడం ఎంతైనా అవసరం. మన కంటి లోపల వెనుకవైపు రెటీనా అనే పల్చటి పొర ఉంటుంది. మనం చూసే ప్రతి వస్తువు బొమ్మా దాని మీదే పడుతుంది. ఆ పొరకు రక్తం అందించే నాళాలు చాలా సన్నటివి. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే వాటి గోడలు బలహీనపడతాయి. మొదట అక్కడక్కడ చిన్న బుడిపెల్లా ఉబ్బుతాయి. తరువాత వాటిలోనుంచి రక్తం, నీరు, కొవ్వు బయటికి ఊరతాయి. కొన్ని నాళాలు మూసుకుపోతాయి. రక్తం చాలక కొత్త నాళాలు పుట్టుకొస్తాయి గాని వాటికి గట్టితనం ఉండదు. అవి చిట్లితే కంటి లోపల రక్తం నిండుతుంది. దీనినే డయాబెటిక్ రెటినోపతి అంటారు.

ఇందులో మోసం ఎక్కడుందంటే, నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, నీరు కారదు. చూపుకు కీలకమైన మధ్యభాగం దెబ్బ తినేదాకా, లేదా నాళం చిట్లేదాకా రోగికి ఏమీ తెలియకపోవచ్చు. తెలిసేసరికి జబ్బు చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది.

కొన్నేళ్ల క్రితం జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. మిషను కుట్టి ఇల్లు నడుపుకునే ఒక తల్లి పన్నెండేళ్లుగా మా దగ్గరే షుగరుకు మందులు వాడుతోంది. ఒక ఉదయం లేచేసరికి కుడికంటి ముందు నల్లటి సాలెగూడు వేలాడుతున్నట్టు ఉందని పరుగెత్తుకు వచ్చింది. కంటి డాక్టరుగారు చూసి, రెండు కళ్లలోనూ జబ్బు ముదిరిందన్నారు. ఆ తల్లి మాతో తగవు పడలేదు. "మీరు చెప్పిన పరీక్షలన్నీ చేయించుకున్నాను కదమ్మా, ఇదొక్కటీ ఎందుకు చెప్పలేదు?" అని మాత్రం అడిగింది. ఆమె ఓపీ పుస్తకం తిరగేశాం. ఎన్నిసార్లు రక్తం తీశామో, ఎన్నిసార్లు బి.పి. చూశామో అన్నీ రాసి ఉన్నాయి. కళ్ల మాట ఒక్క పేజీలోనూ లేదు. ఆ తప్పు మాది. అందుకే ఈ విషయం ఇంత గట్టిగా రాస్తున్నాం.

రెటీనాను ఫోటో తీసే యంత్రాన్ని ఫండస్ కెమెరా అంటారు. గడ్డం, నుదురు ఆనించి కూర్చుంటే ఒక మెరుపు మెరుస్తుంది, అంతే. కంటికి ఏదీ తగలదు. ఎక్స్‌రే కిరణాలు ఉండవు. రెండు కళ్లకూ కలిపి కొద్ది నిమిషాల పని. కొందరికి కంటిపాప పెద్దది కావడానికి చుక్కల మందు వేయాలి. వేస్తే కొన్ని గంటలపాటు దగ్గరి వస్తువులు మసకగా ఉంటాయి, వెలుతురు గుచ్చుకుంటుంది. కనుక ఎవరినైనా తోడు తెచ్చుకోవాలి, ఆ పూట బండి నడపకూడదు.

ఈ ఫోటో కంప్యూటరులో నిలిచి ఉంటుంది. కంటి డాక్టరు వేరే ఊళ్లో ఉన్నా పంపించి అభిప్రాయం తీసుకోవచ్చు. నిరుటి ఫోటో, ఈ ఏటి ఫోటో పక్కపక్కన పెట్టి జబ్బు ఎంత కదిలిందో చూడవచ్చు. అన్నిటికీ మించి, రోగి తన కంటి లోపలి మచ్చను తానే చూస్తాడు. మేము పదిసార్లు చెప్పినా మాననివారు ఆ ఒక్క చుక్క చూశాక పథ్యం పాటించడం మాకు అనుభవమే.

ఇది మాటవరసకు చెప్పే లాభం కాదు. ఇంగ్లండులో 2003లో షుగరు రోగులకు ఏటా కంటి ఫోటో తీసే జాతీయ కార్యక్రమం మొదలైంది. అంతకుముందు ఇంగ్లండు, వేల్సులలో పనిచేసే వయసువారి అంధత్వానికి కనీసం యాభై ఏళ్లుగా మొదటి కారణం షుగరు వల్ల వచ్చే ఈ జబ్బే. 2009-10 లెక్కల్లో అది మొదటి స్థానం నుంచి దిగిపోయింది. అందుకు ఫోటోల కార్యక్రమం ఒక కారణం కావచ్చని, షుగరు అదుపు మెరుగుపడడం మరొకటని ఆ లెక్కలు తీసినవారే రాశారు.

మన దేశంలో షుగరు ఉన్నవారు సుమారు 10.1 కోట్లమంది అని భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన అధ్యయనం 2023లో వెల్లడించింది. ఇంతమందినీ కంటి డాక్టర్లే ముందుగా చూడాలంటే అయ్యే పని కాదు. శిక్షణ పొందిన నర్సు గాని టెక్నీషియన్ గాని ఫోటో తీయవచ్చు. అందుచేత మా అభిప్రాయం ఇది: ఈ కెమెరా ఉండవలసిన చోటు కంటి విభాగం కాదు, షుగరు ఓపీ. పరగడుపున రక్తం ఇచ్చి, టిఫిను తిని, మళ్లీ రక్తం ఇవ్వడానికి రెండు గంటలు బల్లల మీద కూర్చుంటారు కదా, ఆ రెండు గంటల్లోనే ఫోటో అయిపోవాలి. ఇంకో రోజు రమ్మంటే కూలి పోతుందని చాలామంది రారు. వారిని తప్పుపట్టి లాభం లేదు.

అయితే ఫోటో మందు కాదు. శుక్లం ముదిరి ఉంటే ఫోటో సరిగా రాదు. నీటికాసులకు కంటి ఒత్తిడి విడిగా చూడాలి. ఫోటోను కంప్యూటరే చదివి చెప్పే పద్ధతులూ వచ్చాయి. అలాంటి ఒకదానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో అనుమతి ఇచ్చింది. కంప్యూటరు "కంటి డాక్టరుకు చూపించండి" అని చెప్పగలదు గాని, చెయ్యి పట్టుకుని బస్సెక్కించలేదు. ఆ పని ఇంట్లోవారిది. మొదటి దశలోనైతే చక్కెర, బి.పి., కొవ్వు అదుపులో పెట్టుకుని ఏటేటా చూపించుకుంటే చాలామందికి సరిపోతుంది. ముదిరితే లేజరు, కంటి ఇంజెక్షన్లు, కొందరికి ఆపరేషను అవసరమవుతాయి. ఇవి ముఖ్యంగా ఉన్న చూపును నిలబెట్టడానికి. పోయిన చూపు మొత్తం తిరిగి వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు.

కుటుంబాలవారు ఈ సంగతులు గుర్తుంచుకోవాలి. పెద్దవయసులో షుగరు బయటపడితే, బయటపడిన ఏడాదే రెటీనా పరీక్ష చేయించాలి. ఆ తరువాత డాక్టరు వేరుగా చెబితే తప్ప ఏటా ఒకసారి. చిన్నతనం నుంచి ఇన్సులిన్ మీద ఉన్నవారికి జబ్బు మొదలైన ఐదేళ్లలోపు మొదలుపెట్టాలి. ముందునుంచే షుగరు ఉన్న స్త్రీ గర్భవతి అయితే మొదటి మూడు నెలల్లోనే చూపించాలి. తెలంగాణలో 2018లో కంటి వెలుగు వచ్చినప్పుడు ఎందరో పెద్దవారు అద్దాలు పెట్టుకుని సంతోషించారు. మంచిదే. కాని అద్దాల పరీక్ష అయింది కనుక రెటీనా పరీక్ష కూడా అయినట్టే అనుకోవద్దు.

ఆ తల్లికి లేజరు చేశారు. కుడికన్ను మసకబారిపోయింది, ఎడమకన్ను నిలిచింది. ఇప్పుడు కూతురు సూదిలో దారం ఎక్కించి ఇస్తే తాను మిషను తొక్కుతోంది. మొన్న తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. అతనికి షుగరు వచ్చి ఏడాది. "బాగానే కనిపిస్తోందక్కా" అని అతను గొణుగుతుంటే, "నాకూ అలాగే కనిపించిందిరా, కూర్చో" అంది.

ఇకమీదట ఓపీకి వచ్చినప్పుడు మీ పుస్తకం తెరిచి చూడండి. ఈ ఏడాది కళ్ల పరీక్ష రాసి లేకపోతే మమ్మల్ని నిలదీయండి. మాకు కోపం రాదు. పన్నెండేళ్లు ఆలస్యంగా అడిగించుకోవడం కన్నా ఈ రోజే అడిగించుకోవడం మాకు ఇష్టం.