టెస్ట్ లైబ్రరీయే కదా అని వదిలేశాం

కొత్త ఆండ్రాయిడ్ అప్‌డేట్ ఎక్కించిన మర్నాడే ఏదో ఒక యాప్ తిక్కతిక్కగా చేయడం మీలో చాలామంది చూసే ఉంటారు. వెంటనే ఫోన్ కంపెనీని తిట్టుకుంటాం. కానీ తప్పు యాప్ తయారుచేసిన వాళ్లది కూడా కావచ్చు. ఈ మాట చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది, ఎందుకంటే ఆ తప్పు మేమే చేశాం.

నేను మామిడికుదురులో ఇంటి నుంచే పని చేస్తున్నా. మా టీమ్‌ది డబ్బులు పంపుకునే యాప్. 2025 జూన్‌లో ఆండ్రాయిడ్ 16 వచ్చాక టార్గెట్ ఎస్‌డీకేని 36కి పెంచాం. కొత్త ఎమ్యులేటర్ మీద యూఐ టెస్టులు రన్ చేస్తే ఒక్కటీ పాస్ కాలేదు. అన్నింట్లోనూ ఒకటే ఎర్రర్: నో సచ్ మెథడ్ ఎక్సెప్షన్.

మేం వాడుతున్నది ఎస్ప్రెస్సో 3.5.0, అంటే 2022 నాటిది. మనం వేలితో స్క్రీన్ తాకినట్టు చేయడానికి అది ఆండ్రాయిడ్ లోపలి ఇన్‌పుట్ మేనేజర్‌లో గెట్ ఇన్‌స్టన్స్ అనే మెథడ్‌ని రిఫ్లెక్షన్‌తో పిలుస్తుంది. అది బయటివాళ్ల కోసం ఇచ్చిన మెథడ్ కాదు, ఆండ్రాయిడ్ 16లో కనిపించకుండా పోయింది. 3.7.0కి మారితే సరిపోయేది. కానీ రిలీజ్ దగ్గర పడింది. "యాప్ బాగానే ఉంది, పాడైంది టెస్టులేగా, ఇప్పటికి ఆపేద్దాం" అనుకున్నాం. నేనూ సరే అన్నా.

రిలీజైన వారానికి, కొబ్బరి దింపు వాళ్లకి కూలి పంపుదామని నాన్నగారు మా యాప్ తెరిచారు.

"ఒరేయ్, పంపు అన్నదాని మీద నొక్కితే యాప్ మూసుకుపోతందేంట్రా?"

చూస్తే ఆ బటన్ కాస్తా నావిగేషన్ బార్ కిందకి జారిపోయి ఉంది. ఆయన నొక్కుతుంటే హోమ్ బటన్‌కి తగులుతోంది. టార్గెట్ 36 పెట్టిన యాప్ ఆండ్రాయిడ్ 16లో స్క్రీన్ అంచు నుంచి అంచు దాకా పరుచుకోవాల్సిందే. 15లో ఉన్న మినహాయింపు ఇందులో లేదు, మేం ఇన్నాళ్లూ దాని మీదే నెట్టుకొచ్చాం. దింపు వాళ్లు అరుగు మీద కూర్చుని ఉంటే నాన్నగారు బండేసుకుని ఏటీఎంకి వెళ్లొచ్చారు.

ఆ బటన్ నొక్కే టెస్ట్ మా దగ్గర ఉంది. ఆపేసిన వాటిలో అదీ ఒకటి. తర్వాత ఎస్ప్రెస్సో మార్చడానికి పట్టింది ఒక్క పూట. మూడు బటన్ల నావిగేషన్ పెట్టిన ఎమ్యులేటర్‌లో రన్ చేస్తే ఆ టెస్ట్ ఫెయిలైంది. ఈసారి సరైన కారణానికి.

టెస్ట్ లైబ్రరీలు యూజర్ ఫోన్‌లోకి వెళ్లవు. అందుకే వాటి అప్‌గ్రేడ్ ఎప్పుడూ "తర్వాత చూద్దాం" జాబితాలో ఉండిపోతుంది. దింపు మనిషి కాయలతో పాటు తాడునీ అమ్మడు, అయినా చెట్టెక్కే ముందు తాడు చూసుకుంటాడు కదా!

అలాగని కొత్తగా వచ్చిన ప్రతిదీ ఎక్కించేయమని నా ఉద్దేశం కాదు. జేయూనిట్ 5 వచ్చింది 2017లో, 6 వచ్చింది 2025లో. అయినా గూగుల్ ఇచ్చే ఆండ్రాయిడ్‌ఎక్స్ టెస్ట్ జేయూనిట్ 4 మీదే కట్టింది. 4లో ఉన్నవాళ్లు కంగారు పడక్కర్లేదు. కానీ ఎస్ప్రెస్సో, రోబోలెక్ట్రిక్ లాంటివి ఆండ్రాయిడ్ లోపలి భాగాలతో నేరుగా ముడిపడి ఉంటాయి. ఓఎస్ మారితే అవీ మారాల్సిందే.

ఇంకో మాట. ఈ మార్పుని టార్గెట్ ఎస్‌డీకే పెంపుతో కలపొద్దు. ముందు టెస్ట్ లైబ్రరీ ఒక్కటే మార్చి, పాత టార్గెట్ మీద అన్నీ పాస్ చేయించి మెర్జ్ చేయండి. ఆ తర్వాతే టార్గెట్ ముట్టుకోండి. రెండూ ఒకేసారి మారిస్తే, ఫెయిలైంది యాపో టెస్టో తేల్చుకోలేక చివరికి మాలాగే టెస్టులు ఆపేస్తారు.

మీరూ యాప్‌లు రాస్తుంటే ఈరోజే బిల్డ్ ఫైల్ తెరవండి. ఆండ్రాయిడ్ టెస్ట్ ఇంప్లిమెంటేషన్ లైన్ల పక్కన ఏ వెర్షన్ ఉందో చూడండి. అది మీ చేతిలో ఫోన్‌లో ఉన్న ఆండ్రాయిడ్ కంటే పాతదైతే, ఈ వారం మొదటి పని అదే.