తెర మీద అంకె తుది తీర్పు కాదు



ప్రగతి నగర్ నుంచి రోజూ హైటెక్ సిటీకి వెళ్లే మీలో చాలామందికి సర్వర్లు, డేటాబేస్‌లు కొత్త కాదు. ఆఫీసులో ఏ పేజీలోనైనా వింత అంకె కనిపిస్తే, "ఈ డేటా ఎక్కడి నుంచి వచ్చింది?" అని వెంటనే ఆరా తీస్తారు. పరీక్ష ఫలితాల రోజున ఇంట్లోనూ అదే ప్రశ్న వేయాలని నా మనవి.

హాల్ టికెట్ నంబరు కొట్టగానే వచ్చే మార్కుల పేజీ ముందే తయారై ఉండదు. అడిగినప్పుడే పేజీని తయారు చేసిచ్చే పద్ధతి 1993లో సీజీఐతో మొదలైంది. సర్వర్‌లోని స్క్రిప్టు మీ నంబరు తీసుకుని, డేటాబేస్‌లో వెతికి, దొరికిన అంకెలను పట్టికలో పేర్చి పంపుతుంది. ఆ అంకె ఒప్పో తప్పో దానికి తెలియదు. లక్షల మంది ఒకేసారి అడిగితే పేజీ తెరుచుకోకపోవచ్చు కూడా. దానికీ మీ బిడ్డ మార్కులకూ సంబంధం లేదు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు మంచిర్యాల జిల్లా విద్యార్థిని ఒకరికి తెలుగులో సున్నా కనిపించింది. జవాబు పత్రం మళ్లీ చూస్తే అవి 99 మార్కులు! మార్కుల గడులు నింపడంలో మనిషి చేసిన పొరపాటును కంప్యూటర్ అలాగే చూపింది. ఆ ఫలితాల తర్వాత పలువురు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ పైనే ఫెయిలైనవారి పత్రాలను ఉచితంగా మళ్లీ పరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది.

మిగతా సబ్జెక్టుల్లో మంచి మార్కులుండి ఒక్కదాంట్లో సున్నా వస్తే, విడుదలకు ముందే ఒక మనిషి ఆ పత్రం చూడాలి. అలాంటి షరతు ఒకటి ప్రోగ్రాములో రాయడం కష్టమేమీ కాదు. బోర్డులను మనం అడగాల్సింది ఇదే.

ప్రతి తక్కువ మార్కూ పొరపాటేనని కాదు. నిజంగానే తగ్గినా సప్లిమెంటరీ ఉంది, మరో ఏడాది ఉంది. ఆ రోజు ఫోను బిడ్డ చేతికిచ్చి మీరు ఆఫీసుకు వెళ్లిపోకండి. పక్కన కూర్చుని చూడండి. అనుమానం ఉంటే గడువులోగా రీకౌంటింగ్‌కో, రీవెరిఫికేషన్‌కో దరఖాస్తు చేయండి. అంతవరకు బంధువుల వాట్సాప్ గ్రూపులో మార్కులు పెట్టకండి.

పేజీ ఎలా తయారవుతుందో ఈ వారమే పిల్లలకు చెప్పండి. ఆ సంగతి ఫలితాల రోజుకు ముందే వాళ్లకు తెలిసి ఉండాలి.